గేరు పెట్టె విప్పే ముందు

"గేరు పెట్టె పోయిందండీ" అనే మాట మన గోదావరి జిల్లాల షెడ్లలో తరచుగా వినిపించేదే. మామూలు గేర్ల కారయితే ఆ మాట విన్న మనిషి కాస్త బాధపడి, కాస్త బేరమాడి, బాగుచేయించుకుంటాడు. ఆటోమేటిక్ గేర్ల కారయితే మాత్రం గుండె జారిపోతుంది. పదిహేను, ఇరవై ఏళ్ళనాటి కారుకి అలాంటి పెట్టె దొరకటమే కష్టం. దొరికినా దాని ఖరీదు ఒక్కోసారి కారు ఖరీదుని మించిపోతుంది. అంచేత ఇంజను నిక్షేపంలా వున్న కార్లు కూడా ఆ ఒక్క మాటతో తుక్కు దుకాణానికి వెళ్ళిపోతున్నాయి.

ఈ వ్యాసంలో నేను మనవి చెయ్యదలచుకున్నది ఒక్కటే. "పెట్టె పోయింది" అన్నది తీర్పు, రోగనిర్ణయం కాదు. రోగనిర్ణయానికి ఒక వరస వున్నది. ఆ వరస కానీ ఖర్చులేని పరీక్షలతో మొదలై పెట్టె విప్పటంతో ముగుస్తుంది. చివర చెయ్యవలసిన పని మొదట చేస్తే డబ్బుకి డబ్బూ పోతుంది, అసలు కారణమూ తెలియదు.

ఏ కార్ల సంగతి ఇది?

మన రోడ్లని చాలాకాలం ఏలినవి అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీ. రెండూ చేత్తో గేర్లు మార్చుకునే బళ్ళే. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మన మధ్యతరగతి ఇళ్ళకి ఆటోమేటిక్ గేర్లు 1990ల తర్వాతే మెల్లగా వచ్చాయి. మారుతీ జెన్‌లో ఒక రకం, హోండా సిటీలో ఒక రకం, హ్యుందాయ్ శాంత్రోలో ఒక రకం. ఆనాటి కార్లే ఈనాటి పాత కార్లు. ప్రపంచంలో మాత్రం ఇది పాత విద్యే. ద్రవంతో శక్తిని అందించే యంత్రానికి జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. అది ఓడల కోసం. పెద్ద ఎత్తున కార్లలోకి వచ్చిన మొదటి పూర్తి ఆటోమేటిక్ పెట్టె అమెరికాలో జనరల్ మోటార్స్ వారి హైడ్రమాటిక్. దాన్ని 1939లో ప్రకటించి, 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లలో పెట్టారు.

ఇక్కడొక హెచ్చరిక. 2014లో మారుతీ సెలెరియోతో మొదలుపెట్టి మనదేశంలో బాగా వ్యాపించిన 'ఏఎంటీ' అనేది వేరే జాతి. అది మామూలు గేరు పెట్టే. క్లచ్చినీ గేరునీ మన బదులు ఒక యంత్రం మారుస్తుంది, అంతే. బెల్టుతో నడిచే 'సీవీటీ' మరో జాతి. నేను రాస్తున్నది టార్క్ కన్వర్టరూ, ద్రవంతో పనిచేసే క్లచ్చిలూ వున్న పాతకాలపు అసలు ఆటోమేటిక్ గురించి.

లోపల ఏం జరుగుతుంది?

డెల్టాలో పుట్టినవాడికి ఈ పెట్టె అర్థం కావటం కష్టం కాదు. ధవళేశ్వరం తెలిస్తే చాలు.

గోదావరిలో నీళ్ళున్నంత మాత్రాన అమలాపురం అవతలి శివారు పొలం తడవదు. ఆనకట్ట దగ్గర నీటిమట్టం నిలబడాలి. తూము తలుపు లేవాలి. కాలవలో ఎక్కడా గండి పడకూడదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ, దాని స్థానంలో ఇప్పటి బారేజి వచ్చిన తర్వాత కూడా, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల సేద్యం నడుస్తున్నది ఈ సూత్రం మీదే.

ఆటోమేటిక్ పెట్టెలో అడుగున పళ్ళెంలో వున్న ఎర్రటి ద్రవం గోదావరి. ఇంజనుతో పాటు తిరిగే పంపు ఆనకట్ట. ఒత్తిడిని నిలబెట్టేది అదే. వాల్వ్ బాడీ అనే అల్యూమినియం దిమ్మె, లోపలంతా సన్నటి దారులూ జారుడు కవాటాలూ వుండేది, మన కాలవల, లాకుల వ్యవస్థ. క్లచ్చిలూ బ్యాండ్లూ పొలాలు. ద్రవం ఏ క్లచ్చికి చేరితే ఆ క్లచ్చి బిగుసుకుంటుంది. అది గ్రహచక్రాల గేర్లలో, అంటే సూర్యుడిలాంటి నడిమి పళ్ళచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, బయటి వలయం, ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టి ఆపుతుంది, లేదా రెండిటిని జత కలుపుతుంది. దాంతో గేరు మారుతుంది. పళ్ళచక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే వుంటాయి. మారేది పట్టు మాత్రమే.

మరి లష్కరు ఎవరు? తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరు చెబుతారు? అక్కడికి రెండు కబుర్లు వస్తాయి. కారు ఎంత వేగంగా పోతున్నదో గవర్నరు చెబుతుంది. మీ కాలు యాక్సిలరేటరుని ఎంత తొక్కిందో థ్రాటిల్ కేబులు చెబుతుంది. మొదటిది "పై గేరు వెయ్యి" అని తోస్తుంది, రెండోది "ఆగు, ఇంకా బలం కావాలి" అని ఎదురు తోస్తుంది. ఏది గెలిస్తే అదే గేరు. కొంచెం కొత్త కార్లలో ఈ కబుర్లు వైర్ల మీద కంప్యూటరుకి వెళతాయి, అది సోలినాయిడ్లతో తూములు తెరుస్తుంది. సూత్రం మాత్రం మారలేదు.

శివారు పొలం ఎండితే ఏ రైతూ ఆనకట్ట పగలగొట్టమనడు. ముందు మట్టం చూస్తాడు, తర్వాత తూము, తర్వాత గండి. ఆటోమేటిక్ పెట్టె పరీక్షా అంతే.

మొదటి మెట్టు: ప్రశ్నలు

డాక్టరు నాడి పట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. మనమూ వెయ్యాలి. ఇబ్బంది చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకా? ముందుకి వెళ్ళేటప్పుడా, రివర్సులోనా, రెండిటిలోనా? ఏ గేరు నుంచి ఏ గేరుకి మారేటప్పుడు? ఉన్నట్టుండి వచ్చిందా, నెలల తరబడి ముదిరిందా? దానికి ముందు ఎవరైనా ద్రవం మార్చారా, రేడియేటరు ముట్టుకున్నారా, బండి నీళ్ళలో నిలిచిందా?

జవాబులు కాగితం మీద రాసుకోవాలి. "గేరు సరిగ్గా పడట్లేదు" అనే ఒక్క ఫిర్యాదు కింద అయిదారు వేరువేరు జబ్బులు దాక్కుంటాయి. గేరు ఆలస్యంగా పట్టటం ఒకటి. ఇంజను గోలపెడుతూ బండి కదలకపోవటం, అంటే జారటం, ఇంకొకటి. గేరు మారేటప్పుడు గుద్దినట్టు కుదుపు రావటం వేరు. పై గేరు అసలు ఎక్కకపోవటం వేరు. ఒక స్థిరమైన వేగం దగ్గర గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు వణకటం మళ్ళీ వేరు. ఆఖరిది చాలాసార్లు కన్వర్టరులోని లాకప్ క్లచ్చి పని. ఒక్కోసారి ఇంజనులో ఒక స్పార్క్ ప్లగ్గు మండకపోయినా అలాగే వుంటుంది. ఇంజను కింది రబ్బరు మౌంటు విరిగితే వచ్చే కుదుపు కూడా గేరు కుదుపులాగే తెలుస్తుంది. ఈ రెండూ పెట్టె నేరాలు కావు. వాటికి పెట్టెని శిక్షించకూడదు.

రెండో మెట్టు: ద్రవం

మట్టం చూడటానికి పద్ధతి వున్నది. బండి పదిహేను నిమిషాలు నడిచి వేడెక్కాలి. చదునైన నేల మీద నిలపాలి, మన డెల్టాలో దానికి కొదవ లేదు. బ్రేకు తొక్కి, గేరు కడ్డీని అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, పార్కులో పెట్టి, ఇంజను నడుస్తుండగానే గేజి పుల్ల తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడాలి. చాలా కార్లకి ఇదే రివాజు. హోండా వంటి కొన్నిటికి ఇంజను ఆపిన వెంటనే చూడాలి. కారు పుస్తకం చెప్పిందే వేదం.

మట్టం తగ్గితే పంపు ద్రవంతో పాటు గాలి పీలుస్తుంది. గాలికి ఒత్తిడి నిలవదు. క్లచ్చి సగమే బిగుస్తుంది, జారుతుంది, జారి కాలుతుంది. మట్టం ఎక్కువైనా ముప్పే. తిరిగే చక్రాలు ద్రవాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తాయి, నురగ అంటే మళ్ళీ గాలే. అంచేత కొద్దికొద్దిగా పొయ్యాలి, చూసుకుంటూ పొయ్యాలి.

తరువాత రంగూ వాసనా. తెల్లటి గుడ్డ మీద ఒక చుక్క వెయ్యండి. చాలా రకాలు కొత్తవిగా వున్నప్పుడు తేట ఎరుపు. వయసుతో గోధుమరంగుకి తిరగటం సహజం. మాడిన వాసనతో నల్లగా వుంటే క్లచ్చి పూత కాలిందని అర్థం. వెలుగులో మెరిసే లోహపు పొడి వుంటే లోపల ఏదో అరుగుతున్నది. గులాబీరంగు పాలలాగా వుంటే నీళ్ళు కలిశాయి.

ఈ నీళ్ళ సంగతి మన ప్రాంతంవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది వరద. పెట్టెకి ఊపిరి తీసుకునే చిన్న గొట్టం వుంటుంది. బండి నీళ్ళలో మునిగితే నీరు అందులోంచి దిగుతుంది. 1986 ఆగస్టులో, 2022 జూలైలో లంక గ్రామాల్లో గోదావరి ఎంత పని చేసిందో చెప్పనక్కరలేదు. నీట మునిగిన ఆటోమేటిక్ కారుని "ఒకసారి స్టార్టు చేసి చూద్దాం" అనటం ప్రమాదం. క్లచ్చి పలకల మీది పూతని అంటించి వుంచిన జిగురుని నీళ్ళు విడదీస్తాయి. స్టార్టు చెయ్యకుండా లాగించి, ద్రవం అంతా తీయించి, కడిగి మార్పిస్తే బతికే అవకాశం వుంటుంది. నడిపితే ఊడిన పూత కాలవలన్నిటిలోకీ పోతుంది.

రెండో దారి రేడియేటరు. చాలా కార్లలో ఈ ద్రవాన్ని చల్లబరిచే గొట్టం రేడియేటరు తొట్టిలోనే వుంటుంది. కోనసీమ తీరగ్రామాల్లో బోరు నీళ్ళు ఉప్పగా వుంటాయి. కూలంటు బదులు ఆ నీళ్ళు పోస్తూ పోతే లోపలి లోహం తుప్పుపట్టి ఏదో ఒకనాడు చిల్లుపడుతుంది. ఆ రోజు రేడియేటరు నీళ్ళు గేరు పెట్టెలోకి, గేరు ద్రవం రేడియేటరులోకి వెళతాయి. బిందెడు నీళ్ళ పొదుపు పెట్టెడు నష్టం తెస్తుంది.

ఇంకొక్క మాట. ఏ ఎర్ర నూనె అయినా ఒకటేనని పోసేవాళ్ళున్నారు. ఈ ద్రవం నూనెలా జారిపోవాలి, క్లచ్చి దగ్గర పట్టు కూడా ఇవ్వాలి. ఆ సమతూకం కోసం అమెరికాలో ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో తిమింగలాల రక్షణ చట్టాలతో అది ఆగిపోయాక బదులు రసాయనాలు కనిపెట్టటానికి రసాయన శాస్త్రవేత్తలు చాలా శ్రమపడవలసి వచ్చింది. అంతటి లెక్క వున్న ద్రవం ఇది. డబ్బా మీద కారు పుస్తకం చెప్పిన రకం పేరు వుండాలి.

మూడో మెట్టు: బయటి తీగలు

గేరు కడ్డీని పెట్టెకి కలిపే కేబులు సాగితే, మీరు 'డీ'లో పెట్టాననుకుంటారు, లోపల కవాటం సగం దారిలో నిలుస్తుంది. తూము సగం తెరిచినట్టే. న్యూట్రల్‌లో బండి ముందుకి పాకుతుంటే ముందు చూడవలసింది దీన్నే.

థ్రాటిల్ కేబులు మరీ బిగుతుగా వుంటే గేర్లు ఆలస్యంగా, గట్టి కుదుపుతో మారతాయి. వదులైతే త్వరత్వరగా, మెత్తగా మారతాయి. వినటానికి హాయిగా వుంది కదా! కానీ చాలా పెట్టెల్లో ఈ కేబులే ఒత్తిడిని కూడా నిర్ణయిస్తుంది. వదులైన కేబులు అంటే తక్కువ ఒత్తిడి, తక్కువ ఒత్తిడి అంటే జారే క్లచ్చి. మెత్తని గేరు మురిపిస్తూనే లోపల పెట్టెని కాలుస్తుంది. పాత కార్లలో కొన్నిటికి కేబులు బదులు ఇంజను నుంచి వచ్చే సన్నటి వాక్యూం గొట్టం వుంటుంది. అది పగిలినా కుదుపు వస్తుంది. కంప్యూటరు కార్లలో ఈ మెట్టు దగ్గరే వైర్ల ప్లగ్గులు, స్పీడు సెన్సరు, బ్యాటరీ ఓల్టేజి చూడాలి. మన తేమకి ప్లగ్గు పిన్నులు పచ్చగా తుప్పు పట్టటం మామూలే.

నాలుగో మెట్టు: రోడ్డు, తర్కం

బల్లపరుపు నేల చాలా జబ్బుల్ని దాచిపెడుతుంది. జారే క్లచ్చి రావులపాలెం రోడ్డు మీద ఏమీ తెలియనివ్వదు. 1974లో తెరిచిన రాజమండ్రి రోడ్డు–రైలు వంతెనకి రోడ్డు పై అంతస్తున వుంది కాబట్టి ఎక్కుడు తప్పదు. ఆ ఎక్కుడు మీదో, మారేడుమిల్లి ఘాటీలోనో బయటపడుతుంది. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టి, ఏ వేగం దగ్గర ఏ గేరు మారిందో రాయించండి.

ఇప్పుడు విద్యార్థులకి ఇష్టమైన భాగం, లెక్క. ఒక మామూలు మూడు గేర్ల పెట్టె తీసుకుందాం. ముందు క్లచ్చి 1, 2, 3 గేర్లన్నిటిలోనూ పనిచేస్తుంది. డైరెక్టు క్లచ్చి 3లోనూ రివర్సులోనూ. ఒక బ్యాండు 2లో మాత్రమే. లో–రివర్సు బ్యాండు రివర్సులోనూ, మనం చేత్తో పెట్టిన 'ఎల్' లోనూ. 'డీ' లోని మొదటి గేరుకి ఒకవైపే తిరిగే రోలరు క్లచ్చి.

ఇక ప్రశ్న: రివర్సు బాగుంది, ముందుకి ఏ గేరూ లేదు. నేరస్థుడెవరు? ముందు క్లచ్చి. రెండు గేర్ల దాకా బాగుంది, మూడో గేరులోనూ రివర్సులోనూ జారుతున్నది? డైరెక్టు క్లచ్చి. 'డీ'లో కదలదు, 'ఎల్'లో కదులుతుంది? రోలరు క్లచ్చి. ఒక్క 2 మాత్రం లేదు? బ్యాండు. దానికి చాలా పెట్టెల్లో బయటనుంచే సర్దుబాటు మర వుంటుంది. అన్ని గేర్లూ, రివర్సుతో సహా జారుతున్నాయా? అన్ని క్లచ్చిలూ ఒక్కసారే పోవటం అరుదు. అన్నిటికీ ఉమ్మడిగా వున్నది ఒక్క ఆనకట్టే. మట్టం, ఫిల్టరు, పంపు చూడండి. ఒక్క నట్టు విప్పకుండా ఇంతవరకూ వచ్చాం! పెట్టె పెట్టెకీ పట్టిక మారుతుంది, మీ కారు పట్టిక సంపాదించుకోండి.

అయిదో మెట్టు: గేజి

ఇక్కడినుంచి మెకానిక్కు చేతి పని. స్టాల్ పరీక్ష అనేది ఒకటుంది. హ్యాండు బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి, 'డీ'లో పెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఇంజను చుట్లు చూస్తారు. పుస్తకంలోని అంకె కంటే ఎక్కువైతే క్లచ్చి జారుతున్నది. తక్కువైతే ఇంజను బలహీనం, లేదా కన్వర్టరు లోపం. 5 సెకన్లకి మించి చెయ్యకూడదు, ద్రవం మరిగిపోతుంది. బండి ముందూ వెనకా మనిషి వుండకూడదు. అలవాటు లేనివాళ్ళు దీని జోలికి పోవద్దు.

తర్వాత పెట్టె పక్కనున్న రంధ్రానికి చదరపు అంగుళానికి 300 పౌన్ల దాకా చూపే గేజి తగిలించి ఒత్తిడి చూడాలి. ఒత్తిడి బాగుండి క్లచ్చి జారితే లోపం క్లచ్చిలో. ఒత్తిడే లేకపోతే కొత్త క్లచ్చి వేసినా నెలలో కాలిపోతుంది. ఈ గేజి పెట్టకుండా పెట్టె విప్పినవాడు మట్టం చూడకుండా కాలవ తవ్వినవాడే. ఆ తర్వాత అడుగు పళ్ళెం విప్పాలి. అడుగున సన్నటి బూడిదరంగు మడ్డి కొద్దిగా వుండటం సహజం. పూత పెచ్చులూ, లోహపు ముక్కలూ వుంటే అప్పుడు "పెట్టె విప్పాలి" అనటం న్యాయం.

రెండు బళ్ళ కథ

అమలాపురం దగ్గర వుండే మా మిత్రులొకరి పాత ఆటోమేటిక్ కారు పొద్దున్నే 'డీ'లో పెడితే అయిదారు సెకన్ల దాకా కదిలేది కాదు. వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరుకి ఇంజను ఊరికే అరిచేది. ఒక షెడ్డులో చూసి, "ఆయ్, పెట్టె పోయిందండీ" అన్నారు. ఆయన కారు అమ్మెయ్యటానికి సిద్ధపడ్డారు. నేను పైన చెప్పిన వరసలో చూశాం. మట్టం కనిష్ఠ గీత కంటే బాగా కింద వుంది. కూలరుకి పోయే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర చెమర్చి, నడిచినంతసేపూ కొద్దికొద్దిగా కారుతున్నది. థ్రాటిల్ కేబులు సాగి వుంది. గొట్టం, రెండు క్లిప్పులు, సరయిన ద్రవం, కేబులు సర్దుబాటు, అంతే ఖర్చు. గట్టిపడిన రబ్బరు సీళ్ళవల్ల చలికాలం పొద్దుట ఒక క్షణం ఆలస్యం ఇంకా వుంటుంది. బండి మాత్రం నడుస్తున్నది.

రెండో బండి 2022 వరదలో నిలిచినది. నీరు తీసిన మర్నాడే యజమాని దాన్ని నడుపుకుంటూ వచ్చారు. గేజి పుల్ల మీద గులాబీ పాలు, పళ్ళెంలో పెచ్చులు. అదే వరసలో చూశాం. ఆ వరసే ఈసారి "పెట్టె నిజంగానే పోయింది" అని చెప్పింది. అంచేత ఈ పద్ధతి ప్రతి కారునీ బతికిస్తుందని నేను అనను. ఏది బతుకుతుందో, ఏది బతకదో ముందుగా చెబుతుంది. యజమానికి కావలసిందీ అదే.

చివరగా రెండు జాగ్రత్తలు. ఆటోమేటిక్ కారుని తోసి స్టార్టు చెయ్యలేం. పంపు తిరగాలంటే ఇంజను తిరగాలి, ఇంజను ఆగి వుంటే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే క్లచ్చి పట్టదు. కొన్ని పాత అమెరికన్ బళ్ళలో చక్రాల వైపు రెండో పంపు వుండేది కాబట్టి కుదిరేది. అదే కారణంగా చెడిన బండిని తాడు కట్టి లాక్కుపోకూడదు. చక్రాలు తిరుగుతుంటే లోపల నూనె అందక గేర్లు మాడిపోతాయి. ఇంజను తిప్పే చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి తీసుకుపోవాలి.

మన కళాశాలలో యంత్రాలు చదివే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక సలహా. ఈ సెలవుల్లో ఊళ్ళో ఎవరి పాత కారో గేరు దగ్గర మొరాయిస్తే, స్పానరు కంటే ముందు నోటుబుక్కూ, ఒక తెల్లగుడ్డ ముక్కా పట్టుకు వెళ్ళండి. మెకానిక్కుని తప్పుపట్టటానికి కాదు. మీరు రాసిన ఆ ఒక్క కాగితం చూస్తే మంచి మెకానిక్కు మీకు టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతాడు.